500 పెల్లెట్ల డబ్బాలో 50 రూపాయల సీసం, మరి మిగతా డబ్బులు దేనికి?

నుమాయిష్‌కి వెళ్ళినోళ్ళకి ఆ బెలూన్ల స్టాల్ గుర్తుండే ఉంటుంది. నాంపల్లిలో జనవరి చలిలో, మిర్చీ బజ్జీ చేతిలో పట్టుకుని నిలబడితే స్టాలోడు గన్నుని మధ్యకి విరిచి, చొక్కా జేబులోంచి ఒక ఛర్రా, అంటే చిన్న సీసం పెల్లెట్, తీసి దూర్చి మన చేతికిస్తాడు. ఆ ఛర్రా ఎవడు చేశాడు, ఎంత బరువుంది, నలిగిందా లేదా అని ఎవరూ అడగరు, ఎందుకంటే ఎదురుగా ఉన్న బెలూన్ అరచేయంత ఉంటుంది, తగిలినా తగలకపోయినా పిల్లలు నవ్వుతారు, అయిపోయింది. నా మటుకు నాకు రెండేళ్ళ కిందటి దాకా ఎయిర్‌గన్ పెల్లెట్ అంటే అంతే.

తర్వాత మా అమ్మాయి షూటింగ్‌లో చేరింది. కోచ్ సార్ చీటీ రాసిచ్చారు, షాపుకెళ్ళా. కౌంటర్ మీద రెండు డబ్బాలు పెట్టాడు. రెండిట్లోనూ 500 పెల్లెట్లు, రెండూ 4.5 మి.మీ., రెండూ తల చదునుగా ఉన్నవే. ఒకటి కొన్ని వందలు, రెండోది వెయ్యి దాటిపోయింది. "అన్నా, రెండూ సీసమే కదా?" అన్నా. "సీసమే సార్, కానీ అది జర్మనీ సీసం" అన్నాడు చాలా సీరియస్‌గా. అప్పుడు తల ఊపి కొనేశా గానీ ఇంటికొచ్చాక ఆ మాట నాకు అస్సలు మింగుడు పడలేదు. సీసానికి జర్మనీ ఏంటి, ఇండియా ఏంటి? బంగారంలో అయినా 22 క్యారెట్ 24 క్యారెట్ ఉంటుంది గానీ, సీసం అంతర్జాతీయ మార్కెట్లో టన్నుల లెక్కన అమ్ముడుపోయే సరుకు.

సరే, లెక్క వేద్దాం. మ్యాచ్ రైఫిల్ పెల్లెట్, అంటే పోటీల్లో వాడేది, ఒక్కోటి 0.53 గ్రాములు. 500 అంటే 265 గ్రాములు. సీసం ధర ఈ మధ్య టన్ను 2,000 డాలర్ల చుట్టుపక్కల తిరుగుతోంది, అంటే కిలో రెండు డాలర్లు. మన డబ్బాలో ఉన్న సీసం విలువ అర డాలర్‌కి కాస్త ఎక్కువ, మన రూపాయల్లో 50 లోపే. చవక డబ్బాలోనూ అంతే, ఖరీదు డబ్బాలోనూ అంతే. కాబట్టి ఆ వెయ్యి చిల్లర ఇంకదేనికో కడుతున్నాం. ఆ ఇంకదేంటో అనేదే ఈ వ్యాసం.

ముందు ఆ పెల్లెట్‌ని దగ్గరగా చూడండి. దీన్ని డయాబొలో షేప్ అంటారు, మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే బుడబుక్కలవాడి చేతిలో బుడబుక్క. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక లోపలంతా బోలుగా ఉండే పల్చటి గంట, దాన్ని స్కర్ట్ అంటారు, పావడా అనుకోండి. తల పని బ్యారెల్‌లో, అంటే గన్ను గొట్టంలో, ఉన్న గాడుల మీద నిటారుగా కూర్చుని దారి తప్పకుండా ముందుకెళ్ళడం. స్కర్ట్ పని ఇంకోటి, వెనక నుంచి గాలి తన్నగానే అది కొద్దిగా విచ్చుకుని బ్యారెల్ గోడలకి అతుక్కుపోవాలి, గాలి పక్కల నుంచి జారిపోకూడదు. బయటికొచ్చాక బరువంతా ముందు, బోలుగా ఉన్నది వెనక కాబట్టి షటిల్ కాక్ లాగా దానంతటదే తల ముందుకి పెట్టుకుని పోతుంది. చదును తల ఎందుకంటే పేపర్ టార్గెట్ మీద గుండ్రంగా, పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు చిల్లు పడాలి, చిరిగితే స్కోరు చూడటం కష్టం. స్కర్ట్ గోడ ఎంత పల్చగా ఉంటుందంటే గోటితో గట్టిగా నొక్కితే వంగిపోద్ది. ఇది గుర్తుపెట్టుకోండి, రేటు గొడవలో సగం ఇక్కడే ఉంది.

ఇప్పుడు తయారీ. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, చాలా మెత్తటి లోహం, కాబట్టి చూడ్డానికి తేలిక పనే. దిమ్మల్ని ప్రెస్సులో పెట్టి ఒక చిన్న రంధ్రం గుండా తోస్తే తీగలాగా బయటికొస్తుంది, అచ్చం జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టే. ఆ తీగని చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క డైలో, అంటే అచ్చులో, పడుతుంది, పైనుంచి పంచ్ దిగుతుంది, కరిగించకుండా చల్లగానే నొక్కి ఆకారం తెస్తారు. తల ఒక వైపు, లోపల బోలు ఇంకో వైపు, నడుము దగ్గర నొక్కు, ఇదంతా డై చేసే పని. తర్వాత నూనె జిడ్డు కడిగి, నల్లబడకుండా పల్చగా ఏదో ఒకటి పూసి, చూసి, డబ్బాలో వేస్తారు.

ఇంతే అయితే ఎవడైనా చేయొచ్చు కదా? చేస్తున్నారు కూడా. మన దేశంలో చిన్న చిన్న యూనిట్లు చేస్తున్నాయి, బెలూన్ స్టాళ్ళకీ, పెరట్లో డబ్బాలు కొట్టుకునేవాళ్ళకీ అవి చక్కగా సరిపోతాయి. తేడా ఎక్కడొస్తుందంటే ప్రతి మెట్టులోనూ కొంచెం కొంచెం. తీగ మందం ఒకచోట కొద్దిగా ఎక్కువైతే ముక్క బరువు మారుద్ది. ముక్క బరువు మారితే డైలో సరుకు ఎక్కువో తక్కువో అయ్యి స్కర్ట్ గోడ మందం మారుద్ది. సీసంలో వేరే లోహం కలిస్తే, ముఖ్యంగా యాంటిమొనీ, గట్టిపడుద్ది, పాత బ్యాటరీల నుంచి తీసిన సీసాన్ని సరిగ్గా శుద్ధి చేయకపోతే ఇది మిగిలిపోతుంది. గట్టి సీసం తప్పని కాదు, అమెరికాలో క్రాస్‌మన్ వాళ్ళ ప్రీమియర్ పెల్లెట్లు కావాలనే గట్టి మిశ్రమంతో చేస్తారు, దానికీ అభిమానులున్నారు. కానీ ఒక డబ్బా మెత్తగా, ఇంకో డబ్బా గట్టిగా ఉంటేనే చిక్కు. మ్యాచ్ పెల్లెట్లకి మాత్రం మెత్తటి సీసమే వాడతారు, స్కర్ట్ సులువుగా విచ్చుకోవాలని.

అన్నిటికంటే పెద్ద ఖర్చు డై. ఇది గట్టి స్టీల్‌తో, మిల్లీమీటర్‌లో వందో వంతు లెక్కన చెక్కాల్సిన పరికరం. మ్యాచ్ పెల్లెట్ డబ్బాల మీద చూడండి, 4.48, 4.49, 4.50, 4.51 అని రాసుంటుంది. అది తల వ్యాసం. 0.01 మి.మీ. తేడాకి వేరే డబ్బా! మన తల వెంట్రుక మందం దాదాపు 0.07 మి.మీ. ఉంటుంది, దాన్ని ఏడు పొరలుగా చీలిస్తే ఒక పొర. ఆ డై లక్షల సార్లు నొక్కాక అరుగుతుంది, అరిగితే పెల్లెట్ తల లావవుద్ది. జంతికల బిళ్ళ అరిగితే జంతిక లావుగా వస్తుంది, మనం తినేస్తాం, ఇక్కడ కుదరదు. చవక యూనిట్ వాడు ఆ డైని అరిగేదాకా, ఆ తర్వాత కూడా వాడతాడు. మ్యాచ్ పెల్లెట్ చేసేవాడు కొలత దాటకముందే పక్కన పెట్టేస్తాడు. ఆ పక్కన పెట్టిన డై ఖరీదు మన డబ్బా రేటులో ఉంటుంది.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీలో ఒకే డై ఉండదు. పది డైలు పక్కపక్కన నడుస్తుంటే, అన్నీ ఒకే డ్రాయింగ్ ప్రకారం చేసినవే అయినా, ఇంట్లో ఇడ్లీ రేకుల్లో ఒక గుంట ఇడ్లీ ఎప్పుడూ కాస్త వంకరగా వచ్చినట్టు, ప్రతి డైకి ఒక గుణం ఉంటుంది. అన్ని డైల సరుకూ ఒకే తొట్టిలో కలిపి డబ్బాల్లో పోస్తే చవక. ఒక డై సరుకు విడిగా పెట్టి విడిగా ప్యాక్ చేస్తే ఖరీదు. పైన చెప్పిన క్రాస్‌మన్ ప్రీమియర్‌నే ఒకప్పుడు రెండు రకాలుగా అమ్మేవాళ్ళు, మామూలు డబ్బా ఒకటి, 1,250 పెల్లెట్ల అట్టపెట్టె ఇంకోటి. అట్టపెట్టె మీద డై నంబర్ వేసి ఉండేది, అందులో అన్నీ ఒకే డై నుంచి వచ్చినవి. సీరియస్ షూటర్లు తమ గన్నుకి నచ్చిన డై నంబర్ చూసి కొనేవాళ్ళు. అదే కంపెనీ, అదే సీసం, అదే ఆకారం, కేవలం కలపకపోవడానికి విలువ! నాకు ఈ వ్యాపారం మొత్తం అర్థమైంది ఈ ఒక్క విషయంతోనే. ఇక్కడ అమ్మేది మంచి పెల్లెట్‌ని కాదు, మొదటి పెల్లెట్‌కీ అయిదొందలో పెల్లెట్‌కీ తేడా లేకపోవడాన్ని.

ఆ తర్వాత ఏరివేత ఉంటుంది. వంకరున్నవి, అంచు నలిగినవి, స్కర్ట్ లోపల సీసం పొట్టు అతుక్కున్నవి తీసేయాలి. తీసేసిన సీసం మళ్ళీ మూసలో పడుద్ది, లోహం నష్టం లేదు, కానీ దాని మీద పెట్టిన కరెంటు, మిషన్ టైమ్, చూసే మనిషి జీతం పోయినట్టే. ఇది యూరప్‌లో జీతాలిచ్చి చేయించే పని. జర్మనీలో హాన్ ముండెన్ అనే ఊళ్ళో 1825 నుంచి ఉన్న హెచ్ అండ్ ఎన్, జర్మనీదే అయిన ఆర్‌డబ్ల్యూఎస్, చెక్ దేశంలో బొహుమిన్ ఊరి జేఎస్‌బీ, మన షూటింగ్ రేంజిల్లో ఎక్కువ వినపడే పేర్లు ఇవి. వీళ్ళు బ్యాచ్‌లోంచి కొన్ని తీసి, గన్నుని బిగించేసి, మనిషి చెయ్యి తగలకుండా కాల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. కాబట్టి మా షాపాయన "జర్మనీ సీసం" అన్నదాంట్లో జర్మనీ నిజమే, సీసమే అబద్ధం.

ఇక ఇంత చాదస్తం అవసరమా అనేది అసలు ప్రశ్న. అవసరమో కాదో టార్గెట్ చెప్పాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ., అంటే పెన్సిల్ ముల్లుతో పెట్టిన చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకినా పదే. పెల్లెట్ సగం 2.25, చుక్క సగం 0.25, కలిపితే 2.5 మి.మీ., అంటే పెల్లెట్ మధ్యబిందువు అంత దూరం జరిగినా పది వస్తుంది. 2012లో లండన్‌లో మన గగన్ నారంగ్ బ్రాంజ్ కొట్టినప్పుడు క్వాలిఫికేషన్ అంతా పూర్ణాంకాల్లోనే, ఆయన 600కి 598 కొట్టాడు. అప్పుడు 2.5 మి.మీ. లోపల ఎక్కడ పడినా పదే. 2013 నుంచి రైఫిల్‌లో క్వాలిఫికేషన్‌కి కూడా పాయింట్ తర్వాత అంకె లెక్కలోకొచ్చింది, 10.0 నుంచి 10.9 దాకా. అదే 2.5 మి.మీ.ని పది ముక్కలు చేశారన్నమాట, ఒక్కో ముక్క 0.25 మి.మీ. అంతకుముందు వదిలేసిన తేడాలు ఆ రోజు నుంచి స్కోర్‌బోర్డు మీద కనపడటం మొదలైంది. పెల్లెట్ల మీద ఈ పిచ్చి పెరగడానికి నా దృష్టిలో ఈ రూలే పెద్ద కారణం. పిస్టల్‌లో రింగులు పెద్దవి, 0.1 అంటే 0.8 మి.మీ., అయినా 2024 పారిస్‌లో మను భాకర్ 221.7 దగ్గర ఆగిపోయింది, కొరియా అమ్మాయికి 221.8, ఆ 0.1తోనే సిల్వర్ పోటీ నుంచి బయటికొచ్చి బ్రాంజ్ తీసుకుంది. అక్కడ పెల్లెట్ తప్పని నేనట్లేదు, 0.1 విలువ చెప్తున్నా అంతే.

ఇప్పుడు బరువు సంగతి. చాలామంది మొదట పట్టుకునేది బరువునే, నేనూ అంతే. మా వీధి చివర బంగారం పని చేసే ఆయన దగ్గర మిల్లీగ్రాముల తరాజు ఉంటే ఒక ఆదివారం బతిమాలి తెచ్చుకున్నా. ఆయన నవ్వాడు, "మా తాత గురివింద గింజలతో తూచేవాడు, నువ్వు ఛర్రాలు తూస్తావా" అని. నిజానికి లెక్క భలే కుదిరింది, గురివింద గింజ ఒక్కోటి 0.12 గ్రాముల దాకా ఉంటుంది, మ్యాచ్ పెల్లెట్ నాలుగు గురివిందలకి కొంచెం పైన. ఇంగ్లిష్ వాళ్ళు పెల్లెట్లని గ్రెయిన్లలో తూస్తారు, 0.53 గ్రాములంటే 8.18 గ్రెయిన్లు, అదీ ధాన్యం గింజ లెక్కే. ఎవరి గింజ వాళ్ళది.

చవక డబ్బాలోంచి యాభై, ఖరీదు డబ్బాలోంచి యాభై తూచాం. మా అమ్మాయి చదువుతుంటే నేను నోట్‌బుక్‌లో రాశా. ఖరీదువి 0.528, 0.531, 0.530 అని ఆ చుట్టూనే తిరిగాయి. చవకవి 0.50 నుంచి 0.55 దాకా ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి, ఒకటి మరీ 0.47. నాకు విజయగర్వం, చూశావా తేడా దొరికిందని. సోమవారం వెళ్ళి కోచ్ సార్‌కి చెప్తే ఆయన "మంచిదే సర్, కానీ బరువు కన్నా ముందు గాజు మీద దొర్లించి చూడండి" అన్నారు.

దొర్లించడం ఇలా. టేబుల్ మీద అద్దం పలక పెట్టి కొంచెం వాలుగా ఎత్తి, పెల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి వదలాలి. తల చిన్నది, స్కర్ట్ పెద్దది కాబట్టి అది తిన్నగా పోదు, వంపు తిరుగుద్ది. మంచి పెల్లెట్లన్నీ ఒకేలా వంపు తిరిగి దాదాపు ఒకే చోటికి చేరతాయి. అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ కుంటుకుంటూ, టిక్ టిక్‌మని ఎగురుకుంటూ ఎటో పోతుంది. చవక డబ్బాలో అలా కుంటినవి యాభైలో తొమ్మిది. ఖరీదు డబ్బాలో రెండు! రెండు ఎందుకున్నాయి అంత డబ్బు పెట్టినా అంటే, ఫ్యాక్టరీలో బాగానే ఉండి, దారిలో నలిగాయి. మూత తీసి చూస్తే లోపల ఫోమ్ ముక్క జరిగిపోయి ఉంది, డబ్బా ఎక్కడో కింద పడింది. అందుకే కొన్ని ఖరీదైన ప్యాకుల్లో ఒక్కో పెల్లెట్‌ని ఫోమ్ ట్రేలో విడి గుంటలో కూర్చోబెడతారు, కోడిగుడ్ల అట్టలాగా. పెల్లెట్ అదే, కూర్చున్న సీటుకే ఎక్స్‌ట్రా డబ్బులు. నాకు మొదట దోపిడీ అనిపించింది, ఇప్పుడు అనిపించట్లేదు.

కోచ్ సార్ బరువుని ఎందుకు వెనక్కి నెట్టారో లెక్క వేస్తే తెలిసింది. రైఫిల్ పెల్లెట్ సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. 10 మీటర్లకి 0.059 సెకను. ఆ లోపల భూమి దాన్ని 17 మి.మీ. కిందికి లాగుద్ది, సైట్ సెట్ చేసినప్పుడు మనం దాన్ని సర్దేసుకుంటాం. వేగం ఒక శాతం మారితే ఆ 17లో సుమారు 0.34 మి.మీ. తేడా వస్తుంది, అంటే 0.1 పాయింటు కన్నా ఎక్కువ. కానీ బరువు ఒక శాతం మారితే, గన్ను ఇచ్చే శక్తి అంతే కాబట్టి, వేగం అర శాతమే మారుద్ది, తేడా 0.17 మి.మీ. ఒక శాతం అంటే 0.005 గ్రాము. ఖరీదు డబ్బాలో నాకు కనపడిన తేడా అంతకన్నా తక్కువే, కాబట్టి ఆ డబ్బాని కూర్చుని తూచి వేరుచేయడం కాలక్షేపం. నలిగిన స్కర్ట్ మాత్రం అలా కాదు, గాలి ఒక పక్కనుంచి జారిపోతుంది, వేగమూ మారుద్ది, బ్యారెల్ బయటికి రాగానే పెల్లెట్ పక్కకి తల కూడా ఊపుద్ది, అప్పుడు మిల్లీమీటర్లే పోతాయి. చవక డబ్బాలో 0.47ది కూడా అంతే, అది బరువు సమస్యలా కనపడుతుంది గానీ తరిచి చూస్తే స్కర్ట్‌లో ఒక పక్క సరుకు నిండలేదు. బరువు తేడా అక్కడ రోగం కాదు, జ్వరం.

సరే, అయితే అందరూ ఖరీదువే కొనాలా? ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు డబ్బులు పారేసుకుంటున్నారు, నేనూ పారేశా. చెదురు, అంటే చిల్లులు ఒకదానికొకటి ఎంత దూరంగా పడుతున్నాయన్నది, మామూలు కూడికలాగా కలవదు, స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్కలాగా వర్గాలు కలుస్తాయి. కొత్తగా చేరిన పిల్ల చేతి చెదురు 30 మి.మీ. ఉందనుకోండి, చవక పెల్లెట్ చెదురు 4 మి.మీ. రెండూ కలిస్తే 34 కాదు, 30.3 మాత్రమే. అంటే ఖరీదు పెల్లెట్ పెట్టినా ఆ పిల్లకి ఒరిగేది ఏమీ లేదు, టార్గెట్ కార్డు మీద కనపడను కూడా కనపడదు. అదే బాగా ఆడే పిల్ల చేతి చెదురు 6 మి.మీ. అయితే, 4 మి.మీ. పెల్లెట్‌తో అది 7.2 అవుద్ది, 1.5 మి.మీ. మంచి పెల్లెట్‌తో 6.2. పూర్తి ఒక మిల్లీమీటర్ తేడా, అక్కడ 0.1లు 0.2లు రాలతాయి. కాబట్టి పెల్లెట్ రేటుకి విలువ పెల్లెట్‌లో లేదు, ఎవరు కాలుస్తున్నారన్న దాంట్లో ఉంది. మొదటి ఆరు నెలలు నేను మా అమ్మాయికి కొన్న ఖరీదు డబ్బాలన్నీ గోడకి కొట్టినట్టే.

గన్ను విషయమూ అంతే. మన దగ్గర ఎక్కువమంది దగ్గర ఉండేది మధ్యకి విరిచే స్ప్రింగ్ గన్. అందులో స్ప్రింగ్ వదలగానే ముందుకీ వెనక్కీ రెండు కుదుపులు, పట్టుకునే పట్టు కాస్త మారినా దెబ్బ పక్కకి పోద్ది. పైగా పాత చవక గన్నుల్లో కొన్నిటికి బ్యారెల్‌లో గాడులే ఉండవు, నున్నటి గొట్టం. వాటికి 4.49ఆ 4.50ఆ అని ఆలోచించడం ఎడ్లబండికి అలైన్‌మెంట్ చేయించినట్టు. కొంచెం బిగుతుగా పట్టే, నలగని పెల్లెట్ ఏదైనా చాలు.

ఒక వాదన మాత్రం మా రేంజిలో ఎప్పుడూ నడుస్తుంది, ప్రాక్టీసుకి చవకవి, మ్యాచ్‌కి ఖరీదువి అని. లెక్క బానే ఉంటుంది, రోజుకి వంద షాట్లు, నెలకి 25 రోజులంటే 2,500, అయిదు డబ్బాలు. అయినా ఒక స్థాయి దాటాక నాకు ఈ పద్ధతి నచ్చదు. షాట్ 9.4కి పోయింది, అది ట్రిగ్గర్ లాగిన వేలి తప్పా, పెల్లెట్ తప్పా? ప్రాక్టీస్ అంటేనే ఆ ప్రశ్నకి జవాబు వెతకడం. పెల్లెట్ నమ్మకం లేనిదైతే పిల్లలు ప్రతి చెడ్డ షాట్‌నీ దాని మీదకే తోసేస్తారు. మధ్యరకం రేటులో, అన్నీ ఒకేలా ఉండే లాట్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, ఒకటి పట్టుకుని, కుంటివి ఏరేసి, దానితో ప్రాక్టీస్ చేయించడం మేలు.

మన దేశంలో రేటు ఇంకా పెరగడానికి ఫ్యాక్టరీతో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. కస్టమ్స్ వాళ్ళ జాబితాలో ఎయిర్‌గన్ పెల్లెట్లు షాట్‌గన్ కార్ట్రిడ్జిల పక్కనే కూర్చున్నాయి, 93వ అధ్యాయంలో, ఆయుధాలు మందుగుండు ఉండే చోట. ఇందులో మందు లేదు, పేలదు, ఉత్త సీసం ముక్క, అయినా కాగితాలన్నీ మందుగుండుకి అడిగినట్టే అడుగుతారు. డబ్బా చిన్నదే గానీ బరువు, వెయ్యి డబ్బాలంటే సీసమే 265 కిలోలు, విమానంలో తెస్తే ఆ ఖర్చు వేరే. తర్వాత సుంకం, పన్ను, యూరో రేటు, తెప్పించిన వాడి లాభం, షాపు వాడి లాభం. సరుకు తక్కువ వచ్చిన నెలలో షాపులో అడిగిందే రేటు, మ్యాచ్ ముందు వారం అయితే ఇంక చెప్పక్కర్లేదు.

పేరు మార్పిడి ఇంకో తమాషా. ఇంగ్లండ్‌లో గన్నులు చేసే ఎయిర్ ఆర్మ్స్ పేరుతో వచ్చే డయాబొలో ఫీల్డ్ పెల్లెట్లని చేసేది చెక్ దేశంలో జేఎస్‌బీనే. ఇది మోసం కాదు, ఒప్పందం. ఇలాంటివి ఇంకా ఉంటాయి కాబట్టి డబ్బా మీద బొమ్మ చూసి కాదు, ఎక్కడ తయారైందో, తల కొలత ఎంతో, లాట్ నంబర్ ఏంటో చూసి కొనాలి.

మోసం కూడా ఉంటుంది. ఒకసారి మాకు పేరున్న డబ్బా బాగా తక్కువ రేటుకి ఒక చోట దొరికింది, షాపు పేరు వద్దులెండి. సంబరంగా నాలుగు తెచ్చా. మూత తీస్తే ఫోమ్ లేదు, పెల్లెట్ల మీద తెల్లటి బూజులాంటి పొడి, సీసం తేమకి పాతబడితే అలా అవుద్ది. తల కొలత డబ్బా మీద 4.50 అని ఉంది, కొన్ని బ్యారెల్‌లో వేలితో తోస్తుంటే వదులుగా జారిపోతున్నాయి, కొన్ని బిగుసుకుంటున్నాయి. ఖాళీ డబ్బాలో ఎవడో లూజు సరుకు పోశాడు. తిరిగిస్తానంటే "ఓపెన్ చేసినవి తీసుకోం సార్" అన్నాడు. ఓపెన్ చేయకుండా ఎలా తెలుస్తుందయ్యా అంటే దానికి జవాబు లేదు. ఆ తెల్ల పొడి చేతికంటితే కడుక్కోవాలి, అది విషం. పాత సీసమే కాదు, కొత్తది కూడా. రేంజిలో పిల్లలు లోడ్ చేసే తొందరలో పెల్లెట్లని పెదాల మధ్య పట్టుకోవడం నేను కళ్ళారా చూశా, కోచ్ సార్ అరిచిన అరుపు బయట పార్కింగ్ దాకా వినపడింది. ఈ భయంతోనే సీసం లేని పెల్లెట్లు కూడా వస్తున్నాయి, తగరంతో చేసినవి. కానీ తగరం టన్ను ధర సీసానికి పది రెట్లు దాటి ఉంటుంది, బరువూ తక్కువ, గట్టిదనం ఎక్కువ. అక్కడ మాత్రం రేటు నిజంగా లోహానిదే.

కొత్త డబ్బా తెస్తే ఇప్పుడు మేం చేసేది ఇది. లాట్ నంబర్ చూసుకుని రెండు మూడు రకాలు, ఒక్కోటి ఒక్క డబ్బానే కొంటాం. గన్నుని సాండ్‌బ్యాగ్ మీద ఆనించి అయిదేసి షాట్లు, అలా ఆరేడు కార్డులు. ఒక్క కార్డు చూసి నిర్ణయిస్తే అదృష్టాన్ని కొలిచినట్టే, మొదటిసారి నేను అలాగే మోసపోయా. చిల్లు మొత్తం వెడల్పు కొలిచి అందులోంచి 4.5 తీసేస్తే అసలు చెదురు తెలుస్తుంది. ఒక్కోసారి తక్కువ రేటుదే గెలుస్తుంది, బ్యారెల్‌కి రేటు తెలీదు కదా. ఏది గెలిస్తే ఆ లాట్‌వే ఒకేసారి పది డబ్బాలు తేవాలి, ఎందుకంటే అదే కంపెనీ, అదే 4.50, కానీ కొత్త లాట్ అంటే కొత్త సరుకు, మళ్ళీ మొదటి నుంచి పరీక్ష.

పోయిన ఏడాది మా గన్నుకి అలా ఒక లాట్ కుదిరింది. డబ్బుల్లేక పదికి బదులు ఆరే కొన్నా. రెండు నెలల తర్వాత మళ్ళీ షాపుకెళ్తే "ఆ నంబర్ అయిపోయింది సార్, ఇది తీసుకోండి, ఇదీ జర్మనీ సీసమే" అన్నాడు. ఆ ఆరింట్లో ఇప్పుడు ఒకటిన్నర మిగిలింది, బీరువాలో మా ఆవిడ పట్టుచీరల మధ్య పెట్టాం, స్టేట్ మీట్ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మా అమ్మాయి మూత మీద స్కెచ్‌పెన్‌తో రాసిపెట్టింది.